ఐస్‌లాండ్ నడకకి జాకెట్ కన్నా ముందు ఖాళీ రోజులు కావాలి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఇద్దరు స్నేహితులు, జూన్ 10 నుంచి పది రోజులు, వీపున టెంట్ వేసుకుని ఐస్‌లాండ్‌లో లౌగావేగుర్ దారి మొత్తం నడవాలి, ఓపిక ఉంటే అక్కణ్నుంచి దక్షిణ తీరంలో స్కోగర్ అనే ఊరి దాకా కూడా. మంచులో నడిచిన అనుభవం పెద్దగా లేదు. జాకెట్ ఎంత మందంది కొనాలి, స్లీపింగ్ బ్యాగ్ మైనస్ ఎంతకి కావాలి అని ప్రశ్న.

నేను ఆ దేశం మూడుసార్లు వెళ్లాను. ఆ దారి రెండుసార్లు పూర్తి చేశాను, ఒకసారి మొదటి రాత్రికే తోక ముడిచి వెనక్కి వచ్చేశాను. అందుకే జాకెట్ గురించి తర్వాత చెప్తా, ముందు తేదీల సంగతి.

జూన్ 10 చాలా తొందర. నడక మొదలయ్యే లాండ్‌మన్నలౌగర్‌కి పోయేది కొండ రోడ్డు. అక్కడ నంబరు ముందు ఎఫ్ అక్షరం ఉన్న రోడ్లన్నీ అలాంటివే, చలికాలం పేరుకున్న మంచు కరిగి నేల గట్టిపడేదాకా వాటిని మూసే ఉంచుతారు. మామూలుగా జూన్‌లో ఎప్పుడో తెరుస్తారు, మంచు ఎక్కువ పడిన ఏడాది ఇంకా ఆలస్యం. రోడ్డు తెరిస్తేనే బస్సులు. ఆ రోజుల్లో మీరు దిగితే రాజధాని రేక్యావిక్‌లో కూర్చుని రోడ్ల వెబ్‌సైట్ రిఫ్రెష్ చేసుకుంటూ ఉంటారు. ఒకవేళ రోడ్డు తెరిచినా పైన మెత్తని మంచు, దాని కింద కనపడకుండా పారే వాగులు, ఆ వాగుల మీద పల్చబడిపోయిన మంచు వంతెనలు. కొత్తవాళ్లకి ఇది మంచి మొదలు కాదు. జులై రెండో వారం నుంచి ఆగస్టు చివరిదాకా నా లెక్కలో సరైన కాలం. సెప్టెంబర్‌లో జనం తగ్గుతారు, కొండల రంగులు బాగుంటాయి కానీ బస్సులు నెల మధ్యకి ఆగిపోతాయి, మంచు మళ్లీ మొదలవుతుంది.

రెండో సంగతి, పది రోజుల్లో మీరు వేసిన ప్లాన్‌లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. దిగిన మర్నాడే నడక, నాలుగు రోజులు లౌగావేగుర్, రెండు రోజులు స్కోగర్, ఆ మర్నాడు ఇంకో ఊరు. ఐస్‌లాండ్‌లో ఇలాంటి ప్లానే ప్రమాదం. వాతావరణం బాలేదని తెలిసి కూడా "బస్సు టికెట్ పోతుంది కదా" అని కొండెక్కుతారు. అక్కడ చిక్కుల్లో పడే వాళ్లలో చాలామంది తెలియక కాదు, ఆగడానికి రోజు లేక బయల్దేరినవాళ్లే అని నా అనుభవం. కనీసం రెండు రోజులు ఏ పనీ పెట్టకుండా వదిలేయండి. దానికోసం స్కోగర్ భాగం వదులుకోవాల్సి వస్తే వదులుకోండి.

ఇప్పుడు అసలు విషయం, గాలి. వేసవిలో ఐస్‌లాండ్‌లో భయంకరమైన చలేం ఉండదు. జులైలో రేక్యావిక్ సగటు 11 డిగ్రీల దగ్గర ఉంటుంది, పైన కొండల్లో రాత్రి సున్నా దగ్గరికి పోతుంది, అప్పుడప్పుడు కిందకీ దిగుతుంది. అంకె చూస్తే "ఇంతేనా" అనిపిస్తుంది. కానీ అట్లాంటిక్ మీద ఒకదాని వెనక ఒకటి వచ్చే అల్పపీడనాలకి ఆ ద్వీపం సరిగ్గా దారిలో ఉంది, అడ్డుకోవడానికి పెద్ద చెట్లు కూడా లేవు. వాన పైనుంచి పడదు, పక్కనుంచి కొడుతుంది. గొడుగు తీసుకెళ్తే మొదటి పది నిమిషాల్లో కడ్డీలు మిగులుతాయి. థర్మామీటర్ 2 డిగ్రీలు చూపిస్తుంటే సెకనుకి 15 మీటర్ల గాలి వీచినప్పుడు ఒంటికి తగిలే చలి దాదాపు మైనస్ 6. ఒళ్లు తడిసి ఉంటే ఇంకా ఎక్కువ, ఎందుకంటే గాలి కన్నా నీళ్లు ఒంట్లో వేడిని ఎన్నో రెట్లు వేగంగా లాగేస్తాయి.

అక్కడి వాతావరణ శాఖ గాలిని సెకనుకి మీటర్లలో చెప్తుంది, ఇది అలవాటు చేసుకోండి. 3.6తో గుణిస్తే గంటకి కిలోమీటర్లు వస్తాయి. 10 లోపు ఉంటే హాయిగా నడవొచ్చు. 15 అంటే గంటకి 54 కిలోమీటర్లు, టెంట్ వేయడానికి ఇద్దరూ కుస్తీ పట్టాలి. 20 దాటితే బరువున్న బ్యాగ్ మిమ్మల్ని తెరచాపలా పక్కకి తోసేస్తుంది, ఆ రోజు హట్‌లోనో (దారిలో నడిచేవాళ్లు రాత్రి ఆగే బస) కింద ఊళ్లోనో ఉండిపోండి. గాలి వేగం రెట్టింపయితే దాని తోపు నాలుగు రెట్లవుతుంది, కాబట్టి "నిన్న 10లో నడిచాం, ఇవాళ 20 కూడా లాగించేద్దాం" అనే లెక్క పనిచేయదు. పసుపు, నారింజ, ఎరుపు అని హెచ్చరికలు ఇస్తారు. పసుపును మామూలు సంగతి అనుకుని చాలామంది తీసిపారేస్తారు. టెంట్‌లో పడుకునేవాళ్లకి పసుపు కూడా సీరియస్సే.

వాళ్ల భాషలో గ్లుగ్గవేదుర్ అని ఒక మాటుంది, అంటే కిటికీ వాతావరణం. లోపల కూర్చుని కిటికీలోంచి చూస్తే బ్రహ్మాండంగా ఉండి, బయట అడుగుపెడితే చలి కొరికేసే రోజు. ఒక భాషలో దీనికి ప్రత్యేకంగా మాట పుట్టిందంటే అర్థం చేసుకోండి.

నేను వెనక్కి వచ్చేసిన కథ ఇది. జులై మొదటి వారం. లాండ్‌మన్నలౌగర్‌లో పొద్దున ఎండ, పసుపు, గులాబి, ఆకుపచ్చ చారలున్న కొండలు, వేడి నీటి మడుగులో జనం తేలుతున్నారు. మొదటి రోజు నడక 12 కిలోమీటర్లే, దాదాపు 470 మీటర్ల ఎక్కుడు. ఇంతేకదా అని లోపల నూలు టీషర్టు, పైన రెయిన్ జాకెట్ వేసుకుని గబగబా ఎక్కాను. చెమట పట్టింది, జాకెట్ తీయడానికి బద్ధకం. రెండు గంటలకి టీషర్టు పిండితే నీళ్లు కారేలా ఉంది. పైన మంచు మైదానం మొదలయ్యేసరికి పొగమంచు కమ్మేసింది, ఆ వెంటనే వానా మంచూ కలిసిన చినుకు. దారి గుర్తుకి పాతిన కర్రల్లో ఒకదాని దగ్గర నిలబడితే తర్వాతిది కనపడటం లేదు. దాహమేసి బ్యాగ్ నడుం బెల్టు తీయబోతే వేళ్లు బకిల్ నొక్కలేకపోయాయి. చలిగా అనిపించలేదు, అదీ తమాషా, వేళ్లు నావి కాదన్నట్టు ఉన్నాయంతే. వెనకున్న స్నేహితుడు ఏదో అడిగితే మాట తడబడింది, తాగినవాడిలా. వాడు నయం, వాదించకుండా నా బ్యాగ్ విప్పి, ఆ గాలిలోనే తడి టీషర్టు తీయించి, తన ఉన్ని స్వెట్టర్ తొడిగించి, చాక్లెట్ నోట్లో కుక్కి నడిపించాడు. హట్ తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాక అప్పుడు మొదలైంది వణుకు, గంటసేపు పళ్లు టకటకలాడుతూనే ఉన్నాయి.

ఆ హట్ పేరు హ్రాఫ్న్‌తిన్నుస్కెర్, వెయ్యి మీటర్లకి కాస్త పైన ఉంటుంది. 2004 జూన్ చివర్లో 25 ఏళ్ల యువకుడు ఒకడు మంచు తుఫానులో చిక్కి, సరిగ్గా ఈ హట్‌కి కొద్ది దూరంలో చనిపోయాడు. దారి పక్కన అతని జ్ఞాపకంగా రాళ్ల గుట్ట ఉంటుంది, మీరు దాన్ని దాటుకునే వెళ్తారు. జూన్ చివర అంటే అక్కడ నడివేసవి. ఆ గుట్ట దగ్గర నిలబడి హట్ ఎంత దగ్గరో చూస్తే మాట రాదు.

కాబట్టి బట్టల గురించి నా సలహా: మందం గురించి ఆలోచించడం మానేయండి, తడి గురించి ఆలోచించండి. ఒంటికి ఆనుకుని ఉన్ని, మెరినో దొరికితే మరీ మంచిది, లేకపోతే సింథటిక్. ఉన్ని తడిసినా కొంత వెచ్చదనం నిలుపుతుంది, నూలు తడిస్తే ఒంటికి ఐస్ పట్టీ వేసినట్టే. జీన్స్ ఇంట్లోనే వదిలేయండి. దాని మీద పల్చని ఫ్లీసు, ఆపైన గాలీ వానా ఆపే జాకెట్, అలాంటిదే ప్యాంటు. ప్యాంటు చాలామంది మర్చిపోతారు, తడిసిన తొడల మీద గాలి కొడితే అర్థమవుతుంది దాని విలువ. దూది బొంత లాంటి వెచ్చని జాకెట్ ఒకటి ఉండాలి కానీ అది నడిచేటప్పుడు కాదు, ఆగినప్పుడు. బయల్దేరేటప్పుడు కొంచెం చలేస్తుంటే సరిగ్గా తొడుక్కున్నట్టు. వెచ్చగా ఉంటే పది నిమిషాల్లో చెమట పడుతుంది, ఆ చెమటే తర్వాత మీ కొంప ముంచేది. పొర తీయాలనిపించిన క్షణమే ఆగి తీయండి, వేసుకోవాలనిపించినప్పుడు కూడా అంతే. గ్లౌజులు రెండు జతలు.

స్లీపింగ్ బ్యాగ్ మీద రెండు అంకెలుంటాయి, ఒకటి కంఫర్ట్, ఒకటి లిమిట్. షాపులో పెద్దక్షరాల్లో చూపించేది చాలాసార్లు లిమిట్. అది ముడుచుకుని ఎలాగోలా రాత్రి గడపగలిగే ఉష్ణోగ్రత, నిద్రపోయేది కాదు. మీకు కంఫర్ట్ అంకె సున్నా నుంచి మైనస్ 5 మధ్య ఉన్నది చాలు. ఈకలదయితే తడిసిందంటే ఇక దండగ, అందుకే వీపు బ్యాగ్ లోపల ఒక దళసరి ప్లాస్టిక్ సంచి పరిచి అందులోనే అన్నీ పెట్టుకోండి. బ్యాగ్ పైన వేసే రెయిన్ కవర్‌ని మాత్రం నమ్మకండి, మొదటి పెద్ద గాలికి అది గాలిపటం అవుతుంది. నాది ఇప్పుడు ఏ లోయలో ఉందో.

టెంట్ విషయంలో రెండోసారి తిన్న దెబ్బ చెప్తాను. రెండో రాత్రి ఆల్ఫ్తావాత్న్ అనే సరస్సు ఒడ్డున ఆగాం. చూడటానికి పోస్టర్‌లా ఉంటుంది కానీ గాలికి అడ్డేమీ లేదు. సాయంత్రం అక్కడి హట్ చూసుకునే వార్డెన్ వచ్చి, రాత్రి గాలి పెరుగుతుంది, ఇంకో నాలుగైదు కిలోమీటర్లు పోతే హ్వాన్‌గిల్ ఉంది, అక్కడ కాస్త చాటుగా ఉంటుంది, వెళ్లిపోండి అంది. మా కాళ్లు లేవనన్నాయి. బూట్లు విప్పేశాం, సూప్ మరుగుతోంది, ఇప్పుడెక్కడికి అనుకున్నాం. రాత్రి రెండింటికి టెంట్ కప్పు వచ్చి మొహానికి అతుక్కుంది, ఒక కర్ర ఫట్‌మని విరిగి గుడ్డని చీల్చుకుని బయటికొచ్చింది. మిగతా రాత్రి టాయిలెట్ గది గోడ చాటున ఇద్దరం కూర్చుని తెల్లవారే దాకా గడిపాం. తెల్లవారే దాకా అన్నానే గానీ అక్కడ ఆ రోజుల్లో అసలు చీకటే పడదు. వార్డెన్లు చెప్పింది వినండి, వాళ్లు ప్రతిరోజూ హట్ దగ్గర వాతావరణం రాసి పెడతారు, ఆ కాగితం మీ ఫోన్‌లో యాప్ కన్నా నమ్మకమైనది.

టెంట్ వేసేటప్పుడు సన్నగా ఉన్న వైపు గాలికి ఎదురుగా పెట్టండి, అన్ని తాళ్లూ కట్టండి, ఆకాశం ప్రశాంతంగా ఉన్నా సరే. లాండ్‌మన్నలౌగర్‌లో నేల గట్టి కంకర, మేకు దిగదు, దిగిన చోట పట్టదు. తాడు చివర మేకును అడ్డంగా పడుకోబెట్టి దాని మీద పెద్ద రాయి పెట్టాలి. హ్రాఫ్న్‌తిన్నుస్కెర్‌లో ముందు వచ్చినవాళ్లు రాళ్లతో కట్టిన గుండ్రటి అడ్డుగోడలుంటాయి, ఖాళీగా ఉన్నది చూసుకోండి. కర్ర విరిగితే తొడగడానికి చిన్న గొట్టం ముక్క, గట్టి టేపు వెంట ఉంచుకోండి. మాకు అవి లేవు, ఇప్పుడు ఎప్పుడూ ఉంటాయి.

ఏర్లు దాటడం గురించి మీరు అడగలేదు, అడగాల్సింది. మూడో రోజు, నాలుగో రోజు వంతెన లేని ఏర్లు ఉంటాయి. హ్వాన్‌గిల్ దాటాక బ్లాఫ్యాల్లక్విస్ల్, చివర్లో, దారి ముగిసే థోర్స్‌మోర్క్ లోయ ముందు థ్రోంగా. మామూలు రోజు మోకాలి లోతు, వాన కురిస్తే తొడల దాకా రావచ్చు. హిమానీనదాల నుంచి వచ్చే నీళ్లు ఎండకి మంచు కరిగి మధ్యాహ్నానికి పెరుగుతాయి, పొద్దున్నే తక్కువ. ఇరుకు చోట దాటేద్దాం అనిపిస్తుంది కానీ ఇరుగ్గా ఉన్నచోటే లోతూ వేగమూ ఎక్కువ, వెడల్పుగా పాయలుగా చీలిన చోటు వెతకండి. ప్యాంటు విప్పేయండి, సిగ్గు పడకండి, అక్కడ అందరిదీ అదే అవతారం. వట్టికాళ్లతో మాత్రం దిగొద్దు, రాళ్ల మీద పట్టు ఉండదు, పాత రన్నింగ్ షూసో గట్టి శాండల్సో వేసుకోండి. బ్యాగ్ నడుం బెల్టు, ఛాతీ బెల్టు తీసేయాలి, పడితే బ్యాగ్ వదిలించుకోగలగాలి. మొహం నీళ్లు వచ్చే వైపు పెట్టి, చేతికర్రలు ముందు ఆనించి, ఒక్కో అడుగూ పక్కకి, ఇద్దరూ చేతులు పెనవేసుకుని. నాలుగో అడుగుకి పాదాలు నొప్పి, ఎనిమిదో అడుగుకి పాదాలే తెలియవు. అవతల ఒడ్డున తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు చేతికందేలా ముందే పెట్టుకోండి, బ్యాగ్ అడుగున కాదు. నీళ్లు గోధుమ రంగులో ఉరకలేస్తూ, అడుగున రాళ్లు దొర్లుతున్న చప్పుడు వినిపిస్తే ఆగండి, కాసేపు కాదు, మర్నాటి పొద్దుటి దాకా.

అక్కడ ఒక గొప్ప సౌకర్యం ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. జూన్ చివర, జులైలో రాత్రి పొద్దుపోయినా వెలుతురు ఉంటుంది. అంటే పొద్దున్నే బయల్దేరి తీరాలన్న రూల్ లేదు. ఒకసారి మేం తర్వాతి మజిలీ ఎమ్‌స్ట్రూర్‌కి పోవాల్సిన రోజు పొద్దున్నుంచి ముసురు, టెంట్‌లోనే పడుకున్నాం. సాయంత్రం ఐదింటికి మబ్బు విడిపోయింది, అప్పుడు బయల్దేరి నల్లటి ఇసుక ఎడారిలో ఏటవాలు వెలుతురులో ఇద్దరమే నడిచి పదిన్నరకి చేరాం. దానికి ఎదురు సంగతి కూడా ఉంది, చీకటి పడదు కాబట్టి అలిసిపోయామని తెలియదు, గడియారం చూసి తినండి, గడియారం చూసి పడుకోండి. కళ్లకి గంతలు తీసుకెళ్లండి.

మిగతావి గబగబా. దారిలో ఉండే హట్లలో మంచాలు కావాలంటే నెలల ముందే అయిపోతాయి. టెంట్ వేసుకునేవాళ్లు డబ్బు కట్టి హట్ల పక్కనే వేసుకోవాలి, టాయిలెట్ వాడుకోవచ్చు కానీ హట్ వంటగది మీది కాదు, కాబట్టి స్టవ్ తప్పనిసరి. ఎక్కడ పడితే అక్కడ టెంట్ వేయడం కుదరదు, నాచు మీద అయితే అసలే వద్దు, ఒకసారి నలిగితే కోలుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. గ్యాస్ డబ్బా విమానంలో ఎక్కించరు, రేక్యావిక్‌లో కొనుక్కోండి, క్యాంప్‌సైట్‌లో వెళ్లిపోయేవాళ్లు వదిలేసిన సగం డబ్బాలు కూడా దొరుకుతుంటాయి. తిండి అంతా నగరంలోనే కొనేయండి, చెత్త మొత్తం తిరిగి మోసుకురావాలి. నీళ్ల సీసాలు కొనకండి, చల్లని కుళాయి నీళ్లు ఎక్కడైనా తాగొచ్చు, వేడి కుళాయికి కోడిగుడ్డు వాసన వస్తే కంగారుపడొద్దు, అది భూమిలోంచి వచ్చే వేడి నీరు. కార్డుతో అన్నీ నడుస్తాయి, క్రోనా నోట్లు మార్చుకోకపోయినా పర్లేదు. షెంగెన్ వీసాకి 30,000 యూరోల బీమా ఎలాగూ అడుగుతారు, అందులో కొండ నడక కవర్ అవుతుందో లేదో చదవండి, చాలామంది చదవరు.

బయల్దేరే ముందు సేఫ్‌ట్రావెల్ వెబ్‌సైట్‌లో మీ రూటు, తేదీలు నమోదు చేయండి. అత్యవసరానికి 112, దాని యాప్ కూడా వేసుకోండి, మీరున్న చోటు వాళ్లకి పంపుతుంది. మిమ్మల్ని వెతకడానికి వచ్చేవాళ్లు జీతగాళ్లు కాదు, సొంత పనులు వదిలేసి వచ్చే వాలంటీర్లు. సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు, చలికి బ్యాటరీ చప్పున పడిపోతుంది, ఫోన్ రాత్రి స్లీపింగ్ బ్యాగ్ లోపలే పడుకోవాలి. కాగితం మ్యాప్ కూడా ఉండాలి.

టికెట్లు మార్చడం కుదరకపోతే? అప్పుడు లౌగావేగుర్ మర్చిపోయి దక్షిణ తీరం వెంట ఉండండి. స్కోగర్‌లో 60 మీటర్ల జలపాతం పక్కన మెట్లెక్కి, ఏటి వెంట పైకి నడుస్తూ పోతే ఒకదాని తర్వాత ఒకటి జలపాతాలే, వాతావరణం చూసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు. అక్కణ్నుంచి పైన కనుమ దాటి థోర్స్‌మోర్క్‌కి పోయే 25 కిలోమీటర్ల దారి మాత్రం జూన్ మొదట్లో వద్దు, దాదాపు వెయ్యి మీటర్ల ఎక్కుడు, పైన దళసరి మంచు ఉంటుంది. 2010లో అక్కడ అగ్నిపర్వతం పేలి పుట్టిన మాగ్ని, మోది అనే రెండు బిలాలు చూడాలని ఉంటే వేసవి ముదిరాక రండి. తడిసి ముద్దయిన రోజు దగ్గర్లో ఉన్న ఊరి ఈత కొలను వెతుక్కోండి, చాలా ఊళ్లలో వేడి నీళ్ల తొట్టె ఉంటుంది, దిగే ముందు బట్టలు లేకుండా స్నానం చేయడం అక్కడి నియమం, మొహమాటపడితే పక్కనున్న ముసలాయన చెప్పి మరీ చేయిస్తాడు.

ఇంకొక్కటి. ఒక జత దళసరి ఉన్ని సాక్సు విడిగా కవర్లో కట్టి స్లీపింగ్ బ్యాగ్ మధ్యలో పెట్టండి. అవి పడుకోవడానికి మాత్రమే. పొద్దున లేచాక నిన్నటి తడి సాక్సులోకే మళ్లీ కాళ్లు దూర్చాలి, చచ్చేంత చిరాగ్గా ఉంటుంది, పొడివి వేసుకుని నడుద్దామనిపిస్తుంది. వేసుకోవద్దు. పది నిమిషాలు నడిస్తే తడివి కూడా వెచ్చబడతాయి. పొడివి తడిపేస్తే ఆ రాత్రికి ఏమీ ఉండదు.